చిన్న ఆన్‌లైన్ గ్రూపులోకి కొత్తవాళ్లను రప్పించడం ఎట్లా?

మీకొక గ్రూపు ఉంది. వాట్సాపో, టెలిగ్రామో, ఫేస్‌బుక్కో. యాభై మంది దాకా ఉన్నారు, మాట్లాడేది నలుగురైదుగురు, మిగతావాళ్లు చూస్తున్నారో లేదో కూడా తెలియదు. పెంచాలి అనుకోగానే దాదాపు ప్రతి అడ్మినూ చేసే పని ఒకటుంది: ఫోన్లో ఉన్న కాంటాక్టులను వరసపెట్టి యాడ్ చేయడం. పాలాయన, పిల్లల ట్యూషన్ సార్, ఎప్పుడో ఇల్లు చూపించిన బ్రోకర్, అందరూ లోపలికి. మొహమాటానికి రెండు రోజులు ఉంటారు, ఆ తర్వాత మ్యూట్ చేస్తారు, లేదా ఆర్కైవ్‌లో పడేస్తారు. గ్రూపు సంఖ్య పెరిగింది, మాట్లాడేది మాత్రం అదే నలుగురు. పైగా ఇప్పుడు వాట్సాప్‌లో తనను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో ఎవరికి వాళ్లే సెట్ చేసుకోవచ్చు (2019 నుంచే ఉంది ఆ సౌకర్యం), కాబట్టి ఆ దారి సగం మూసుకుపోయింది కూడా.

గ్రూపులో చేరాలని ఎవరికీ ఉండదు, తన ఇబ్బంది తీరాలని ఉంటుంది. కింద చెప్పేదంతా ఆ లెక్కన చెప్పేదే.

ఉదాహరణకు మిద్దెతోటల గ్రూపు తీసుకుంటాను. త్రినగరిలో (వరంగల్, హనుమకొండ, కాజీపేట) అలాంటి ఆసక్తి ఉన్నవాళ్లకు కొదవ లేదు, కోతుల బాధకూ కొదవ లేదు. మీది కాకతీయుల కట్టడాలు చూసి వచ్చేవాళ్ల గ్రూపు కావచ్చు, కాజీపేట జంక్షన్‌లో రైళ్ల ఫోటోలు తీసే పిల్లలది కావచ్చు, పద్ధతి పెద్దగా మారదు.

1. ముందు మీ గ్రూపును బయటినుంచి చూడండి

గ్రూపులో లేని ఇంట్లోవాళ్ల ఫోన్ ఒకటి తీసుకుని, మీ లింకు దానికి పంపి నొక్కి చూడండి. చేరకముందు ముఖ్యంగా కనిపించేవి మూడే: పేరు, బొమ్మ, నాలుగు లైన్ల వివరణ. పేరు "గ్రీన్ వారియర్స్ అఫీషియల్ 2" అని ఉంటే అది మొక్కలు అమ్మేవాళ్లదా, ర్యాలీలు తీసేవాళ్లదా, ఏదో పార్టీ యువజన విభాగానిదా ఎవరికీ అంతుపట్టదు. "మిద్దెతోటలు: వరంగల్, హనుమకొండ, కాజీపేట" అంటే అయిపోయింది. మూడు ఊళ్లూ పేరులో ఉండనివ్వండి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది గానీ, ములుగు వైపు నుంచో పరకాల నుంచో వచ్చేవాళ్లకు మొత్తం కలిపి ఇంకా వరంగలే.

వివరణ ఇలా ఉండొచ్చు: "మిద్దె మీద, వాకిట్లో, బాల్కనీలో కూరగాయలు, పూలు పెంచేవాళ్లం. మొక్కకు ఏదన్నా అయితే ఫోటో పెట్టండి, తెలిసినవాళ్లు చెప్తారు. విత్తనాలు ఒకరికొకరం ఉచితంగా ఇచ్చుకుంటాం. గుడ్ మార్నింగ్‌లు, రాజకీయాలు, చిట్టీల ప్రచారం వద్దు." చాలు. "ప్రకృతిని ప్రేమించే వారందరికీ హృదయపూర్వక స్వాగతం" లాంటివి తీసేయండి, వాటివల్ల ఒక్కరు కూడా రారు.

ఇప్పుడు చేరి చూడండి. వాట్సాప్‌లో అయితే కొత్తగా వచ్చినవాళ్లకు మామూలుగా పాత మాటలు కనపడవు, ఖాళీ తెర కనిపిస్తుంది. మీరు మూడేళ్లుగా పోగుచేసిన ముచ్చట్లన్నీ ఉన్నా వాళ్ల వరకు ఏమీ లేనట్టే. వాళ్లు రాకముందు పిన్ చేసిన మెసేజ్ కూడా వాళ్లకు కనపడదు. అందుకే ఒక మెసేజ్ తయారుగా ఉంచుకుని, కొత్తవాళ్లు చేరగానే మళ్లీ పంపి పిన్ చేయాలి. వాట్సాప్ పిన్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే ఉంటుంది, నెలనెలా మళ్లీ పెట్టడం మర్చిపోకండి. అందులో నియమావళి కాకుండా పనికొచ్చే సరుకు పెట్టండి: ఈ నెలలో ఏం విత్తుకోవచ్చు, మట్టి మిశ్రమం ఎంతెంత, ఎవరి దగ్గర ఏ విత్తనాలు ఉన్నాయి.

2. ఎక్కడ పెట్టాలో ఆలోచించండి, కానీ ఎక్కువసేపు వద్దు

వాట్సాప్‌లో అందరూ ఉంటారు, అదే దాని బలం. ఒక గ్రూపులో 1024 మంది దాకా పడతారు, మీకు అది చాలా ఎక్కువ. లోపం ఏంటంటే బయటివాళ్లు వెతికితే దొరకదు. టెలిగ్రామ్‌లో పబ్లిక్ గ్రూపు పెడితే పేరుతో వెతుక్కోవచ్చు, చేరకముందే లోపల ఏం మాట్లాడుకుంటున్నారో చదవొచ్చు, పాతవన్నీ కనపడతాయి, ఫోన్ నంబర్ దాచుకోవచ్చు. కానీ మా వైపు యాభై దాటిన అక్కలు, సార్లు టెలిగ్రామ్ అనగానే "అది సినిమాలు డౌన్‌లోడ్ చేసుకునేది కదా" అంటారు. ఫేస్‌బుక్ పబ్లిక్ గ్రూపుకు బయటివాళ్లు చదవగలిగే సుగుణం ఉంది, చేరేముందు మూడు ప్రశ్నల దాకా అడిగే వీలూ ఉంది.

నా సలహా: ముచ్చట వాట్సాప్‌లో ఉంచి, మంచి జవాబులు మాత్రం వెతికితే దొరికేచోట ఇంకోసారి పెట్టండి. ఫేస్‌బుక్ పేజీయో, సొంత బ్లాగో, చిన్న యూట్యూబ్ వీడియోనో. ఎవరో రాత్రి పదింటికి "మిర్చి ఆకు ముడత వరంగల్" అని వెతికితే మీ మాట దొరకాలి. జనం తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, కాబట్టి శీర్షికను రెండు లిపుల్లోనూ రాయండి. ఇది చిన్న పనిలాగే కనిపిస్తుంది, కానీ మీరు నిద్రపోతున్నప్పుడు కూడా మనుషుల్ని తెచ్చేది ఇదొక్కటే.

3. ఉన్నవాళ్లలో ఐదుగురిని కూడగట్టుకోండి

జేకబ్ నీల్సన్ అనే ఆయన 2006లో ఒక లెక్క చెప్పాడు, ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా దాదాపు నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు ఏదో అంటారు, ఎక్కువ భాగం రాసేది ఒక్కరే అని. కచ్చితంగా అట్లాగే ఉంటుందని కాదు, కానీ మీ యాభైలో నలుగురు మాట్లాడుతున్నారంటే గ్రూపు చచ్చిపోయినట్టు కాదు. టెన్షన్ పడకండి.

ఆ నలుగురైదుగురికి విడిగా ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. "కొత్తవాళ్లను పిలుద్దామనుకుంటున్న, ఎవరన్న ప్రశ్న అడిగితే మీరు జర చూస్కోవాలె" అని చెప్పండి. ఎవరికి ఏది తెలుసో పంచుకోండి: ఒకరికి పురుగులు తెలుసు, ఒకరికి కంపోస్టు, ఒకరికి పందిరి కట్టడం, ఒకరికి ఏ నర్సరీలో ఏది ఎంతకు దొరుకుతుందో. అడ్మిన్ ఒక్కడే రోజుకు పది ఫోటోలు పెట్టి గ్రూపు నడుస్తోందని అనుకోవడం కంటే, వేరే ముగ్గురు తలా ఒకటి పెట్టడం వెయ్యి రెట్లు నయం. అడ్మిన్ ఎక్కువ మాట్లాడే గ్రూపులో మిగతావాళ్లు శ్రోతలైపోతారు.

దొంగ నంబర్లతో మీరే ప్రశ్న అడిగి మీరే జవాబు చెప్పుకోవడం మాత్రం వద్దు. ఇంత చిన్న ఊళ్లో అది పట్టుబడుతుంది, పట్టుబడ్డాక మొహం చూపించలేరు.

4. ఎవరు కావాలో తేల్చుకోండి

"మొక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లందరూ" అంటే ఎవరినీ ఎక్కడా వెతకలేరు. ఒక్క రకం మనిషిని అనుకోండి. ఉదాహరణకు, హంటర్ రోడ్డు వైపో హసన్‌పర్తి వైపో కొత్తగా ఇల్లు కట్టుకుని, పైన మిద్దె ఖాళీగా ఉండి, నాలుగు కుండీలు తెచ్చి పెట్టి, అవి ఎండిపోయి విసుగొచ్చిన ఇల్లాలు. లేదా రిటైరై ఇంట్లో ఉన్న టీచరు, చిన్నప్పుడు ఊళ్లో వ్యవసాయం చూసినవాడు, ఇప్పుడు నయీంనగర్ అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ తప్ప ఏమీ లేనివాడు. ఈ ఇద్దరికీ కావలసినవి వేరు, వాళ్లు తిరిగే చోట్లు వేరు.

మనిషి తేలితే చోటు తేలుతుంది. నర్సరీలు, విత్తనాల దుకాణాలు, రైతుబజారు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) అమ్మేచోటు, ములుగు రోడ్డులో వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గర విత్తనాల కోసం వచ్చేవాళ్లు, కాలనీ సంక్షేమ సంఘం గ్రూపులు, నిట్ క్వార్టర్ల వాళ్లు. ఒక్కోసారి ఒక్క చోటు తీసుకుని నెల రోజులు దానిమీదే ఉండండి. అన్నిచోట్లా లింకు చల్లితే ఎక్కడి నుంచి ఎవరు వచ్చారో కూడా తెలియదు.

5. లింకు పంచే ముందు జవాబు పంచండి

ఈ మెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టి "మా మిర్చి చెట్టుకు ఆకులన్నీ ముడుచుకపోతున్నయి, ఏం కొట్టాలె?" అని అడిగారనుకోండి. మామూలుగా వచ్చే జవాబులు: "వేపనూనె కొట్టండి", "పుల్లటి మజ్జిగ పోయండి", "దిష్టి తగిలిందేమో" (నవ్వు బొమ్మ). అదే సమయంలో ఒకరు "మా గార్డెనింగ్ గ్రూపులో చేరండి" అని లింకు పడేస్తారు. ఆ లింకును ఎవరూ నొక్కరు, ఎందుకంటే అడిగిన మనిషి చేతిలో ఇంకా ముడుచుకున్న ఆకే ఉంది.

మీరు ఇలా అడగండి: "ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకున్నాయా, కిందికి వంగి ముడుచుకున్నాయా? ఒక ఆకు తిప్పి అడుగు వైపు దగ్గరగా ఫోటో తీసి పెట్టండి." పైముడత అయితే సాధారణంగా తామర పురుగులు (త్రిప్స్), కింది ముడత అయి కాడ సాగినట్టుంటే నల్లి (మైట్). తామర పురుగులకు నీలం రంగు జిగురు అట్టలు కట్టి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు నీళ్లు వేసి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. నల్లి అయితే నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చిన వైరస్ కావచ్చు, అలాంటి మొక్కను పీకేయడమే మేలు. 2021-22లో నల్ల తామర పురుగు ఇక్కడి మిర్చి రైతులను ఎంత ముంచిందో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. మిద్దె మీద నాలుగు చెట్లున్నవాళ్లకు ఆ నష్టం ఉండదు గానీ, పురుగు మాత్రం ఆ కోవదే.

ఇంత చెప్పాక లింకు పెట్టకండి. వారం తర్వాత "చిగుర్లు ఎట్లున్నయి అక్కా?" అని ఒక్క మాట అడగండి. పది మంది చూస్తుండగా ఆమె "తగ్గింది, మంచిగైంది" అంటుంది. ఆ గ్రూపులో ఇంకో ఇద్దరు మీకు విడిగా మెసేజ్ పెడతారు, వాళ్ల బెండకాయ పురుగు గురించి. అప్పుడు చెప్పండి, ఇట్లాంటివి మాట్లాడుకునే గ్రూపొకటుంది, కావాలంటే లింకు పంపిస్తా అని. అడిగి పంపిన లింకుకూ, అడక్కుండా పడేసిన లింకుకూ ఉన్న తేడా మీకే కనపడుతుంది.

కట్టడాల గ్రూపు అయితే ఇదే పని వేరేలా చేయాలి. రామప్ప ఫోటో పెట్టి "అద్భుతం" అని రాసేవాళ్లు వేలమంది. 1213 నాటి ఆ గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు ఎందుకు వాడారు, పునాదిలో ఇసుక ఎందుకు నింపారు, వరంగల్ నుంచి పొద్దున ఏ టైముకు బయల్దేరితే ఎండెక్కకముందే చూసి రావచ్చు, ఇవి చెప్పేవాళ్లు తక్కువ. యునెస్కో గుర్తింపు 2021 జులైలో వచ్చినప్పటి నుంచి ఇవి అడిగే మనుషులు పెరిగారు. వాళ్లకు జవాబు చెప్పినవాడి గ్రూపులోకే వస్తారు.

6. ఒక్కొక్కరినే పిలవండి

"ప్రియమైన మిత్రులారా, మన గ్రూపును అభివృద్ధి చేయుటకు ప్రతి ఒక్కరూ పది మందిని చేర్చగలరు" అనే మెసేజ్ మీరు పంపినా ఎవరూ చేర్చరు. చేర్చినా మొదట చెప్పిన కాంటాక్టుల కథే.

దాని బదులు ఉన్న సభ్యులను ఇట్లా అడగండి: "మీకు తెలిసినవాళ్లలో మిద్దె మీద కోతుల బాధ పడలేక మొక్కలు మానేసినవాళ్లు ఎవరన్న ఉన్నరా? ఆదివారం మన గ్రూపులో వల కట్టడం గురించి మాట్లాడుకుంటున్నం, వాళ్లకు చెప్పండి." ఇప్పుడు వాళ్లకు ఒక ముఖం గుర్తొస్తుంది. మరదలో, పక్కింటి అంకులో. ఆ పిలుపులో ఒక రోజు, ఒక పని, ఒక కారణం ఉన్నాయి. పిలిచే మెసేజ్ కూడా మీరే రాసి ఇవ్వండి, రెండు లైన్లు, వాళ్లు కాపీ చేసి పంపేలా. మనవాళ్లకు పిలవడం ఇష్టమే, ఏం రాయాలో తోచక ఆగిపోతారు.

7. వచ్చిన మొదటి రోజు

గ్రూపులు ఇక్కడే పోతాయి. కష్టపడి రప్పించిన మనిషి లోపలికొచ్చి, ఎవరూ పలకరించక, పెళ్లింట్లో ఎవరి తరఫో తెలియని చుట్టంలా ఓ మూల కూర్చుని, మెల్లగా లేచి వెళ్లిపోతాడు. వాట్సాప్‌లో ఎవరైనా వెళ్లిపోతే ఇప్పుడు అడ్మిన్లకు తప్ప ఎవరికీ నోటిఫికేషన్ రాదు కూడా.

చేయాల్సింది ఇది. చేరిన రోజే పేరుతో పలకరించండి. "మీ గురించి పరిచయం చేసుకోండి" అనకండి, అది ఇంటర్వ్యూలా ఉంటుంది, సిగ్గుపడేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగేది అడగండి: "మీది ఏ ఏరియా మేడం? ఇప్పుడు మిద్దె మీద ఏమేం ఉన్నయి?" ఆమె "నక్కలగుట్ట, నాలుగు తులసి, రెండు గులాబీ" అంటే, వెంటనే మీ ఐదుగురిలో ఒకరు "నేను బాలసముద్రం, దగ్గరే, మా ఇంట్లో బచ్చలి నారు ఎక్కువైంది, కావాలంటే తీసుకపోండి" అనాలి. ఈ ఒక్క మాటతో ఆమె మీ మనిషి అయిపోతుంది. నిజంగా నారు తీసుకుపోయిందంటే ఇక గ్రూపు వదలదు.

మొదటి ప్రశ్నకు కొన్ని గంటల్లోపు జవాబు రావాలి. తెలియకపోతే "తెలియదు, సాయంత్రం ఫలానా సార్‌ను అడిగి చెప్తం" అన్నా చాలు, మౌనం మాత్రం వద్దు. కొత్తవాళ్లు అడిగేవి ఎప్పుడూ పాత ప్రశ్నలే: కోకోపీట్ ఎంత కలపాలి, టమాటా పూత ఎందుకు రాలుతోంది, మిద్దె మీద నీళ్లు కారితే స్లాబ్ పాడవుతుందా. వందోసారి విన్నా మొదటిసారి విన్నట్టే చెప్పాలి. "ఇది ఇంతకుముందే చర్చించాం, పైకి వెళ్లి చూడండి" అనే సీనియర్ ప్రతి గ్రూపులో ఒకరుంటారు. వాట్సాప్‌లో అయితే పైకి వెళ్లడానికి వాళ్లకు పైన ఏమీ ఉండదు కూడా! ఆయనతో విడిగా మాట్లాడండి. మర్యాదగానే, కానీ గట్టిగా. ఆయనకు కోపం వస్తుంది, నాలుగు రోజులు మాట్లాడరు, పర్వాలేదు.

ఇంకొకటి, మగ అడ్మిన్లు గమనించనిది. వాట్సాప్ గ్రూపులో చేరితే ఆడవాళ్ల నంబరు అక్కడున్న అందరికీ కనపడుతుంది. చేరిన రాత్రే తెలియని నంబర్ నుంచి "హాయ్ మేడం, మీ డీపీ బాగుంది" అని వస్తే ఆమె గ్రూపు వదిలేస్తుంది, ఎందుకో మీకు చెప్పదు, ఇంకో నలుగురికి మాత్రం చెప్తుంది. అందుకే అడగకుండా పర్సనల్ మెసేజ్ చేస్తే తీసేస్తామని గ్రూపు వివరణలోనే రాయండి. రాసినట్టే తీసేయండి, ఆ మనిషి ఎంత పాతవాడైనా సరే. ఫిర్యాదు చేసుకోవడానికి ఒక మహిళా అడ్మిన్ ఉండాలి. మిద్దెతోటల గ్రూపుల్లో ఎక్కువ పని చేసేది ఆడవాళ్లే అయినప్పుడు అడ్మిన్లంతా మగవాళ్లే ఉండటం ఏంటో నాకెప్పుడూ అర్థం కాలేదు.

8. కాలం చూసి కదలండి

ఏడాది పొడవునా ఒకేలా పిలిస్తే అలసిపోతారు. మనుషులకు మీ అవసరం ఎప్పుడు పడుతుందో అప్పుడు పిలవండి. రోహిణి కార్తె ఎండల్లో వరంగల్ మిద్దె మీద కాలు పెట్టలేం, అప్పుడు కొత్తవాళ్లు రారు, ఉన్నవాళ్ల మొక్కలే ఎండుతుంటాయి. ఆ రోజుల్లో షేడ్ నెట్ గురించి, ఉన్నవి కాపాడుకోవడం గురించి మాట్లాడుకోండి, సంఖ్య గురించి మర్చిపోండి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది, తొలకరి పడుతుంది, అందరికీ చేతులు దురద పెడతాయి. ఆ రెండు మూడు వారాలు మీకు పంట కాలం. మే నెలాఖరుకే పిన్ మెసేజ్, విత్తనాల జాబితా, పిలుపు రెండు లైన్లు సిద్ధంగా ఉంచుకోండి.

తర్వాతది బతుకమ్మ. బంతి విత్తితే పూత రావడానికి రెండు, రెండున్నర నెలలు పడుతుంది, భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూలకు పూలు చేతికి రావాలంటే జులైలో విత్తాలి. "ఈసారి బతుకమ్మకు మన మిద్దె మీది బంతిపూలే" అని జులై మొదట్లో చెప్పి చూడండి, మొక్కల జోలికి ఎప్పుడూ పోనివాళ్లు కూడా వస్తారు, రెండు కుండీలే కదా అని. విత్తిన రోజు, మొలిచిన రోజు, మొగ్గ పట్టిన రోజు ఫోటోలు పెట్టమనండి. సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గర పేర్చిన బతుకమ్మల్లో తమ బంతి ఉన్నవాళ్లు ఫోటో పెట్టకుండా ఆగలేరు. ఆ ఫోటోలు వాళ్ల స్టేటస్‌లో పడతాయి, మరుసటి వారం చేరేవాళ్లు అక్కడి నుంచే వస్తారు.

మిగతా గ్రూపులకూ ఇట్లాంటి రోజులుంటాయి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వచ్చినప్పుడు దారులు, బస్సులు, ములుగు వైపు చూడదగ్గ చోట్లు అడిగేవాళ్లు లెక్కలేనంత మంది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. ముందే తయారుగా ఉండాలి, ఆ రోజు పొద్దున లేచి పోస్టర్ చేసేవాళ్లకు ఎవరూ రారు.

9. ఒక్కసారైనా కలవండి

ఊరి గ్రూపుకు ఇది పెద్ద వరం, దేశమంతా ఉన్న గ్రూపులకు లేనిది. హనుమకొండ పబ్లిక్ గార్డెన్ లాంటి చోట ఆదివారం పొద్దున ఏడింటికి విత్తనాల మార్పిడి పెట్టుకోండి. మైకు వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు, శాలువాలు వచ్చాయంటే విత్తనాలు పక్కకు పోయినట్టే. కాగితం పొట్లాల్లో విత్తనాలు, పొట్లం మీద మూడు ముక్కలు: పేరు, ఏ నెలలో తీశారు, ఎవరి మిద్దె. దేశవాళీ బీర, చెట్టు చిక్కుడు, ఎర్ర తోటకూర, ఎవరి దగ్గర ఏముంటే అది. తేనివాళ్లు కూడా తీసుకుపోవచ్చని ముందే చెప్పండి, లేకపోతే "మా దగ్గర ఏం లేవు కదా" అని కొత్తవాళ్లు ఆగిపోతారు, మీకు కావలసింది వాళ్లే కదా.

నర్సరీ దగ్గర క్యూఆర్ కోడ్ అతికించాలనుకుంటే ముందు ఓనర్‌తో మాట్లాడండి. ఆయనకేంటి లాభం? కొన్న మొక్క చచ్చిపోతే జనం మళ్లీ ఆయన దగ్గరికి రారు, బతికితే ఇంకో నాలుగు కొంటారు. ఈ మాట చెప్తే చాలామంది ఒప్పుకుంటారు. శనివారం ఒక్కరోజు నర్సరీల వాళ్లు కొత్త స్టాకు ఫోటోలు పెట్టుకోవచ్చని అనండి, మిగతా రోజులు అమ్మకాలు వద్దు. క్యూఆర్ ప్రింట్ చేశాక గ్రూపు లింకును రీసెట్ చేస్తే ఆ కాగితాలన్నీ వృథా. అందుకని నెలకోసారి ఎవరో ఒకరు స్కాన్ చేసి చూడండి.

10. తలుపు తెరిచి ఉంచండి, గొళ్లెం పెట్టుకోండి

లింకు బయట తిరగడం మొదలయ్యాక షేర్ మార్కెట్ టిప్పుల వాళ్లు, ఇంట్లో కూర్చుని రోజుకు రెండువేలు సంపాదించమనేవాళ్లు వస్తారు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేవి) పంపి ఖాతాలు ఖాళీ చేసే ముఠాలూ గ్రూపుల్లోకి దూరతాయి. వాట్సాప్‌లో "కొత్త సభ్యులకు అడ్మిన్ అనుమతి" అనే సెట్టింగ్ ఆన్ చేయండి. చేరమని అడిగినవాళ్లను "ఏ ఏరియా, గ్రూపు గురించి ఎక్కడ తెలిసింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఏ దారిలో ఎవరు వస్తున్నారో కూడా దీంతోనే తెలుస్తుంది, విడిగా లెక్కలు పెట్టుకోనక్కర్లేదు. ఏపీకే ఫైలు పడితే నిమిషాల్లో తీసేసి, నొక్కవద్దని రాయండి. ఎవరి డబ్బులన్నా పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమనండి.

గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల సంగతి మీకు తెలిసిందే. ఇష్టం లేకపోయినా మొహమాటపడి వదిలేస్తారు, వారంలో పదిహేను పూల బొమ్మలు, ముప్పై దేవుడి ఫోటోలు, వాటి మధ్య ఒక మనిషి అడిగిన నిజమైన ప్రశ్న మునిగిపోతుంది. మొదటిసారి విడిగా చెప్పండి, రెండోసారి డిలీట్ చేయండి. ఎన్నికలప్పుడు ఇంకా కఠినంగా ఉండాలి.

11. ఏది లెక్కపెట్టాలి

మొత్తం సభ్యుల సంఖ్యను చూడటం మానేయండి. నెలాఖరున ఒక్కటి చూడండి: ఈ నెల కొత్తగా వచ్చినవాళ్లలో రెండోసారి మాట్లాడినవాళ్లు ఎంతమంది? మొదటిసారి మాట్లాడేది మీరు పలకరించారు కాబట్టి, రెండోసారి మాట్లాడేది వాళ్లకు నచ్చింది కాబట్టి. పదిమంది వచ్చి నలుగురు అట్లా నిలిస్తే బ్రహ్మాండం. పదిమంది వచ్చి ఎవరూ నిలవకపోతే ఇంకో పదిమందిని పిలవడం దండగ, ఏడో మెట్టు దగ్గరికి వెళ్లి ఏం జరుగుతోందో చూడండి. వెళ్లిపోయినవాళ్లలో కాస్త చనువున్నవాళ్లను అడగండి, "ఏం లేదు, ఫోన్ నిండిపోతుంది" అంటారు, దాని అర్థం మెసేజ్‌లు ఎక్కువ, పనికొచ్చేవి తక్కువ అని.

నెలకు ఇద్దరు ముగ్గురు నిలిచేవాళ్లు దొరికితే ఏడాదిలో మీ గ్రూపు స్వరూపమే మారిపోతుంది. మూడొందలు దాటాక ఏరియాల వారీగా విడదీసే ఆలోచన వస్తుంది. కాజీపేట, ఫాతిమానగర్ వాళ్లు ఒకటి, మట్టెవాడ, కరీమాబాద్ వైపు వాళ్లు ఒకటి అని. వాట్సాప్ కమ్యూనిటీ కింద వాటిని కలిపి ఉంచవచ్చు. కానీ ప్రతి ఏరియాలో అడిగినవాళ్లకు జవాబు చెప్పే మనుషులు కనీసం ముగ్గురు తేలేదాకా విడదీయకండి. ఈలోపు ఇంకో ఇద్దరిని అడ్మిన్ చేయండి. వాళ్లలో ఒకరు కిందటి మృగశిరకు కొత్తగా చేరినవాళ్లయి ఉంటే మరీ మంచిది, కొత్తగా వచ్చినప్పుడు ఎక్కడ ఇబ్బంది పడ్డారో వాళ్లకింకా గుర్తుంటుంది.